సంగనకల్లు కొండ, బళ్ళారి బండి, చూచువారి చెలిమి

బళ్ళారి పట్టణమునకు ఈశాన్య దిక్కున రెండు కోసుల లోపు దూరములో సంగనకల్లు గ్రామమున్నది. ఊరికి చేరువలో గండశిలలను ఎవరో చేతితో పేర్చినట్లు కొండలు నిలిచియున్నవి. వానిలో సన్నరాచమ్మ కొండ యొకటి; కప్పగల్లు వైపునకు వ్యాపించిన హిరేగుడ్డ మరియొకటి. భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ పందొమ్మిదవ శతాబ్దములో ఈ ప్రాంతమున నవీన శిలాయుగపు మానవులు చేసిన రాతిగొడ్డండ్లను గుర్తించెను. పూనా దక్కన్ కళాశాలలో పరిశోధన సాగించిన బెండపూడి సుబ్బారావు 1940ల దశకమున ఇచ్చట త్రవ్వకములు జరిపి, బళ్ళారి రాతియుగ సంస్కృతులను గూర్చి 1948లో గ్రంథము ప్రకటించెను. నేడు సంగనకల్లు పేరు తెలియని పురాతత్త్వ విద్యార్థి మన దేశములో ఉండడు.

మేము ఈ వ్యాసములో చెప్పబూనినది రాతిగొడ్డండ్ల కథ కాదు. ఆ కొండవాలున సాయంకాలమున కూర్చుండి, దూరముగా హగరి నది వైపునకు సాగిపోవు పొగబండిని రెప్పవేయక చూచినవారి కథ. బళ్ళారి స్టేషను ప్లాటుఫారము చివర వేపచెట్టు క్రింద చేరి, వచ్చిన ఇంజనును పేరుపేరున పలకరించినవారి కథ. వారు రైలు ఎక్కవలసిన పని యుండి స్టేషనునకు పోయినవారు కారు. చుట్టములను దింపుకొనుటకు పోయినవారును కారు. బండి వచ్చును గనుక పోయిరి. వచ్చిన బండిని చూచి ఇంటికి తిరిగి వచ్చిరి. ఇట్టివారిని మన ప్రాంతములో ‘బండిపిచ్చివాళ్ళు’ అని నవ్వుచు పిలుతురు. ఆ పిచ్చివాళ్ళలో మేమును కొందరము. కావున ఈ వ్యాసములో ‘మేము’ అను మాట ఒక్కని గౌరవార్థము వాడినది కాదు. ఆ వేపచెట్టు నీడలో కూర్చున్న అందరి తరఫున వాడినది.

ఈ చెలిమి ఎట్లు పుట్టెనో తెలియవలెనన్న మొదట బండి మన గడ్డకు ఎట్లు వచ్చెనో తెలియవలెను. దక్షిణ దేశములో మొదటి ప్రయాణికుల రైలు 1856వ సంవత్సరము జూలై 1వ తేదీన మద్రాసు రాయపురము నుండి వాలాజా రోడ్డు వరకు నడచెను. పిమ్మట మద్రాసు రైల్వే కంపెనీవారు తమ వాయవ్య మార్గమును అరక్కోణము, రేణిగుంట, కడప, గుత్తి, ఆదవానిల మీదుగా రాయచూరు వరకు వేసిరి. అచ్చట 1871లో బొంబాయి నుండి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే వారి పట్టాలును ఈ పట్టాలును కలిసినవి. మద్రాసును బొంబాయిని కలుపుటయే ఆనాటి ప్రధానోద్దేశము. దత్తమండలములలో బళ్ళారి పేరుపొందిన పట్టణము. కోటయు, దండును, కలెక్టరు కచేరియు గల ఊరు. అయినను పెద్ద మార్గము బళ్ళారిని తాకక, సుమారు ముప్పది మైళ్ల దూరములో గుంతకల్లు మీదుగా సాగిపోయెను. బళ్ళారికి గుంతకల్లు నుండి ఒక కొమ్మ దారి మాత్రమే దక్కెను. ఇనుప పట్టాలు ఊళ్ళ తలవ్రాతను మార్చునన్నమాటకు ఇంతకన్న నిదర్శనము వేరొకటి లేదు. చిన్న పల్లెగానుండిన గుంతకల్లు దేశమంతటికి తెలిసిన జంక్షనయ్యెను. పెద్దపట్టణమైన బళ్ళారివారు బొంబాయికి గాని మద్రాసుకు గాని పోవలెనన్న ఆ పల్లెలో దిగి బండి మారవలసివచ్చెను.

1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును కాల్చిన మహాక్షామమును మన పెద్దలు ధాత కరువు అని పిలిచిరి. బళ్ళారి జిల్లా ఆ కరువున మిక్కిలి నలిగిన జిల్లాలలో ఒకటి. రైలు ధాన్యమును తెచ్చెను. కాని స్టేషనులో దిగిన బస్తాలను లోపలి పల్లెలకు చేర్చుటకు ఎద్దులు కావలెను. ఆ ఎద్దులే మేతలేక చచ్చిపోయెను. పట్టాలకు దగ్గరగా ఉన్నవాడు బ్రతుకును, దూరముగా ఉన్నవాడు చచ్చును అని తెలిసిన తరువాత ప్రభుత్వమువారు కరువు ప్రాంతములకు మరిన్ని రైలుదారులు వేయదలచిరి. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఆ కరువుదారుల కొరకు పుట్టినదే. హుబ్బళ్ళి, గదగు, హొసపేటల వైపు నుండి మీటరు వెడల్పు గల సన్నపట్టాలు బళ్ళారికి చేరినవి. అంతకు పూర్వము అయిదడుగుల ఆరంగుళముల వెడల్పు గల గుంతకల్లు–బళ్ళారి కొమ్మను సైతము 1880ల దశకములో సన్నపట్టాలుగా మార్చివేసిరి. అటుపిమ్మట నంద్యాల మీదుగా కృష్ణాతీరము వరకు దారి పడెను. ఈ విధముగా పడమటి సముద్రతీరమున గల మార్మగోవా రేవునకు, తూర్పున కృష్ణాతీరమునకు నడుమ బళ్ళారి ఒక మజిలీ యయ్యెను.

కంపెనీలు మారినవి. 1908లో మద్రాసు రైల్వేయు సదరన్ మరాఠా రైల్వేయు కలిసి మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే అయ్యెను. 1944లో ప్రభుత్వము దానిని తన చేతిలోనికి తీసికొనెను. 1951లో దక్షిణ రైల్వే, 1966లో దక్షిణమధ్య రైల్వే, 2003లో నైరుతి రైల్వే ఏర్పడినవి. నేడు బళ్ళారి స్టేషను నైరుతి రైల్వేలోని హుబ్బళ్ళి డివిజనునకు చెందియున్నది. బోర్డుల మీది పేర్లు ఎన్నిసార్లు మారినను చూచువారి జాగా మాత్రము మారలేదు.

రైలు రాకముందు పల్లెవానికి గంట, నిమిషము అను లెక్క లేదు. ప్రొద్దు బారెడు ఎక్కుట, పశువులు ఇల్లు చేరుట మున్నగునవియే వాని గడియారములు. బండి వచ్చిన తరువాత నిమిషము పుట్టెను. మొదట దక్షిణ దేశపు రైళ్ళు మద్రాసు నక్షత్రశాల చూపిన కాలమును అనుసరించి నడచెడివి. 1906 ప్రారంభము నుండి దేశమంతటికి ఒకే కాలము ఏర్పడగా, మద్రాసు గడియారము సుమారు తొమ్మిది నిమిషములు ముందునకు జరిగెను. సంగనకల్లు రైతునకు ఈ సంగతులతో పనిలేదు. గుంతకల్లు బండి కూత వినబడిన కపిల విప్పవచ్చును; హుబ్బళ్ళి బండి కూత వినబడిన బువ్వమూట విప్పవచ్చును. మా బాల్యములో కూడ జొన్నచేలలో కలుపు తీయు స్త్రీలు, ‘‘ఈ పొద్దు బండి పోయిందా, లేదా?’’ అని ఒకరినొకరు అడుగుకొనెడివారు. బండి ఆలస్యమైనచో పని ఆలస్యముగా ముగిసెడిది. కూలి మాత్రము పెరుగలేదు. రైలుకాలమును నమ్ముకొన్నవారికి కలిగిన తొలి కష్టము అదియే యనవచ్చును.

ఇక చూచువారి సంగతి. మా గుంపులో మూడు విధములవారుండిరి. మొదటివారు రైల్వే కుటుంబములకు చెందినవారు; పాయింట్స్‌మన్లు, గ్యాంగుమన్లు, ఫైర్మన్లు, గార్డులు, వారి పిల్లలు. పని ముగిసి ఇంటికి పోవలసినవారు సైతము తమ చేతిమీదుగా పోవలసిన బండి వేరొకరి చేతిమీదుగా ఎట్లు పోవునో చూచుటకు నిలిచెడివారు. రెండవవారు బడిపిల్లలు. మూడవవారు ఊరిలోని చిన్న వర్తకులు, పింఛను పుచ్చుకొను గుమాస్తాలు, పత్తి మండీలో లెక్కలు వ్రాయువారు. తెలుగువారు, కన్నడిగులు, ఉర్దూ మాటలాడు ముసల్మానులు, దండు బజారులో స్థిరపడిన తమిళులు, అందరును ఉండిరి. కులమును, భాషను, జీతమును ఎవరు ఎవరిని అడుగలేదు. ‘‘ఈ పొద్దు ఏ ఇంజను?’’ అన్నదే అచ్చటి కుశలప్రశ్న.

ఆ కూటమికి సభ్యత్వము లేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. అయినను కట్టుబాట్లుండెను. ప్లాటుఫారము టికెట్టు లేక లోనికి పోరాదు. పట్టాలు దాటరాదు. డ్రైవరు ఇంజను చుట్టు తిరిగి నూనె పోయుచున్నపుడు పలకరింపరాదు. అతడు నడుము నిలిపి చేతులు తుడుచుకొన్న తరువాతనే నమస్కారము చేయవలెను. బండి వచ్చువేళ ప్రమాదముల మాట ఎత్తరాదు. వేరుసెనగకాయలు ఎవరు తెచ్చినను అందరికి పంచవలెను. శనివారము సాయంకాలమున స్టేషను బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినునపుడు డబ్బు ఇచ్చువాడు, గడచిన వారములో బండి రాక వేళను అందరికన్న తప్పుగా ఊహించినవాడు. ఈ చివరి కట్టుబాటు మూలమున మాలో ఒక గుమాస్తాగారు చాల కాలము అందరికి బజ్జీలు పెట్టిరి. ఆయన ఎప్పుడును బండి సరియైన వేళకు వచ్చునని పందెము కట్టెడివారు!

ఆ దినములలో చూడదగిన విద్యలు పెక్కు లుండెను. వానిలో టోకెను మార్పిడి మొదటిది. ఒంటిదారి మీద రెండు స్టేషనుల నడుమ ఒకే సమయమున ఒకే బండి యుండవలెను. అందుకొరకు స్టేషను మాస్టరు గదిలోని యంత్రము నుండి ఒక ఇనుప గుండు వెలువడెడిది. అవతలి స్టేషనువారు అంగీకరించి మీట నొక్కిన గాని ఆ గుండు బయటికి రాదు. ఒకటి బయట నుండగా రెండవది రాదు. ఆ గుండును తోలుసంచిలో వేసి, సంచిని పేము కడియమునకు తగిలించి డ్రైవరునకు అందించెడివారు. ఆగని బండియైనచో పాయింట్స్‌మన్ ప్లాటుఫారము అంచున నిలిచి కడియమును ఎత్తి పట్టుకొనును. ఫైర్మన్ ఇంజను ప్రక్కకు వంగి చేయి చాచి దానిని తగిలించుకొనును. అదే క్షణమున వెనుకటి కడియమును క్రిందికి విసరును. కాగడా వెలుగున రాత్రివేళ ఈ పని జరుగుచుండగా చూచినవారికి ఒడలు జలదరించెడిది. గుండు జారిపడినచో బండి ఆగవలెను. ఆగినచో మాట పడవలెను. మాలోని ఒక వృద్ధ పాయింట్స్‌మన్ చేతి మణికట్టున ఆ కడియము రాసిన మచ్చ చివరివరకు ఉండెను. దానిని ఆయన సొమ్మువలె చూపించుకొనెడివారు.

రెండవది కూత విద్య. ప్రతి డ్రైవరునకు తన కూత యుండెను. ఒకడు పొడవుగా లాగి చివర తుంచును; మరియొకడు రెండు మారులు చిన్నగా పలికించి మూడవది దీర్ఘముగా తీయును. హగరి వంతెన మీద బండి పలుకు మారును గదా. ఆ ధ్వనికి వెనుక వచ్చు కూతను విని, సంగనకల్లు కొండమీది పిల్లవాడు డ్రైవరు పేరు చెప్పగలిగెడివాడు. మూడవది ఇంజనుల గుర్తు. సన్నపట్టాల మీద ప్రయాణికుల బండ్లకు వై.పి. తరగతి ఇంజనులు, సరకు బండ్లకు వై.జి. తరగతి ఇంజనులు వచ్చెడివి. గుంతకల్లు పోయినచో వెడల్పు పట్టాల మీద మొగమున నక్షత్రము గల డబ్ల్యు.పి. ఇంజనును చూడవచ్చును. అందుచేత గుంతకల్లు చూచువారు మా సన్నబండ్లను ‘బొమ్మబండ్లు’ అని ఎగతాళి చేసెడివారు. ‘‘మీ పెద్దబండి మా ఊరికి రాలేదు, మా బొమ్మబండి మీ ఊరికి వచ్చుచున్నది’’ అని మేము బదులు చెప్పెడివారము. రెండు వెడల్పుల పట్టాలు కలిసిన ఆ జంక్షనులో హమాలీలు ఒక వాగను నుండి మరియొక వాగనునకు బస్తాలు మోయుచుండగా చూచిన పిమ్మట మా వాదము తానే ఆగిపోయెడిది. పట్టాల వెడల్పులోని రెండడుగుల తేడా ఎవరి వీపు మీద పడుచున్నదో అచ్చట కంటికి కనబడెను.

ఇట్టి ముచ్చట మన ప్రాంతమునకు మాత్రమే చెందినది కాదు. ఇంగ్లండులో ఇయాన్ ఆలన్ అను యువకుడు 1942లో ఇంజనుల సంఖ్యలతో ఒక చిన్న పుస్తకమును అచ్చువేయించగా, పెన్సిలు చేతబట్టి స్టేషనుల చివర నిలుచు పిల్లలు ఆ దేశమంతట బయలుదేరిరి. మనవారికి అట్టి పుస్తకము లేదు. అయినను సత్యజిత్ రాయ్ 1955లో విడుదల చేసిన ‘పథేర్ పాంచాలీ’ చిత్రములో రెల్లుపూల నడుమ పరుగెత్తి రైలును చూచిన పిల్లలను తెరపై చూచినపుడు, వారు బెంగాలు పిల్లలని మాకు తోచలేదు. ఆ పరుగు సంగనకల్లు జొన్నచేలలో మేము పెట్టిన పరుగే.

ఇచ్చట మన తెలుగు కుటుంబములకు ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాము. బళ్ళారి రెండు భాషల పట్టణము. ధర్మవరము కృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ వంటి మహనీయుల మూలమున తెలుగు నాటకమునకు ఇది పుట్టినిల్లు వంటిది. ధర్మవరమువారి సరసవినోదినీ సభ 1891లో మద్రాసులో ప్రదర్శనము లిచ్చెను. వానిని చూచిన పమ్మల్ సంబంధ మొదలియారు ఆ యేటనే సుగుణవిలాస సభను స్థాపించెను. తమిళ నాటకచరిత్రలో అది ముఖ్యఘట్టము. బళ్ళారి నాటకము మద్రాసు చేరుటకు, అది అచ్చట ఒక కొత్త సభకు ప్రేరణ యగుటకు, అప్పటికి ఇరువది ఏండ్లుగా నున్న రైలుదారి సాయము కొద్దిది కాదు.

అదే పట్టణమున భాషల పేరిట పంతములును పెరిగెను. 1921 అక్టోబరులో గాంధి మహాత్ముడు బళ్ళారికి వచ్చినపుడు, కాంగ్రెసులోని ఆంధ్ర శాఖవారు, కర్ణాటక శాఖవారు ఎవరికివారు తామే ఆతిథ్యమీయవలెనని పట్టుబట్టిరనియు, మహాత్ముడు ఎవరి యింటికిని పోక రైలు స్టేషనులోనే ఆ రాత్రి గడపెననియు ఊరిలో నేటికిని చెప్పుకొందురు. ఈ కథను మేము విన్నప్పుడెల్ల మాకు తోచు తాత్పర్యమొకటి కలదు. ఊరంతయు ఎవరిదో ఒకరిది అయినపుడు, ప్లాటుఫారము ఒక్కటే అందరిదిగా మిగిలెను.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు చేరినవి. బళ్ళారి తాలూకా విషయమై జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రా విచారణ జరిపి నివేదిక సమర్పించిన పిమ్మట, అదియు తక్కిన తాలూకాలతోపాటు మైసూరు రాష్ట్రములో చేరెను. ఆ దినములలో పట్టణమున సభలు, ఊరేగింపులు, ఎదురు ఊరేగింపులు. ఒకే బల్లమీద కూర్చున్న చూచువారు సైతము రెండుగా చీలిరని మా పెద్దలు చెప్పిరి. ఒక తెలుగు పాయింట్స్‌మన్, ఒక కన్నడ బడిపంతులు, ఏండ్ల తరబడి వేరుసెనగకాయలు పంచుకొని తిన్నవారు, పదునొకండు దినములు ఒకరి మొగము ఒకరు చూడలేదట. పండ్రెండవనాటి సాయంకాలమున గుంతకల్లు వైపు నుండి ఎన్నడు వినని కూత యొకటి వినబడెను. పంతులుగారు ఉండబట్టలేక, ‘‘ఏన్ స్వామి, ఈ కూగు యారదు?’’ అని కన్నడములో అడిగిరి. పాయింట్స్‌మన్ ఒక నిమిషము ఊరకుండి, ‘‘కొత్తవాడు, అయ్యవారూ. గదగు నుంచి వచ్చినాడంట. చెయ్యి ఇంకా కుదరలేదు’’ అని తెలుగులో బదులు చెప్పెను. అంతే. మరునాడు సెనగకాయలు మరల ఒకే రుమాలులో నుండెను. అడుగువాడు కన్నడములో అడుగును, చెప్పువాడు తెలుగులో చెప్పును. ఆ తరువాత ముప్పది ఏండ్లు వారి సంభాషణ ఆ రీతినే సాగెను. ఇరువురిలో ఎవరును తన భాషను వదలలేదు. ఎదుటివానిని వదలుమని కోరలేదు.

సరిహద్దు అనగా ఏమో మాకు తెలిపినది రైలే. బళ్ళారి స్టేషను పలక మీద కన్నడము. గుంతకల్లు స్టేషను పలక మీద తెలుగు. ముప్పది మైళ్ల ప్రయాణములో పట్టాలు మారవు, డబ్బా మారదు, ప్రక్కన కూర్చున్న ముసలమ్మ మారదు. పలక మీది లిపి మాత్రము మారును. మా కుటుంబములలో అనేకుల పిల్లలు కన్నడ బడులలో చదివిరి. వారు ఇంటిలో తెలుగు మాటలాడిరి గాని అక్షరములు నేర్వలేదు. అట్టి పిల్లవానిని ఒకసారి గుంతకల్లునకు బండ్లు చూపుటకు తీసికొనిపోయితిమి. ఆ పిల్లవాడు పలక వంక చూచి, కన్నడ లిపితో పోల్చుకొని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొని, ‘‘గుం-త-క-ల్లు! తాతా, ఇది మన రాతే కదా!’’ అని కేక వేసెను. వాడు చదివిన మొదటి తెలుగు మాట అది. వానికి వాచకము కొనియిచ్చినది మేము. అక్షరాభ్యాసము చేయించినది స్టేషను పలక.

మరల సంగనకల్లు కొండకు వత్తుము. కప్పగల్లు వైపున హిరేగుడ్డ మీద నల్లని డోలరైటు బండలున్నవి. వాని మీద పొడుగుకొమ్ముల ఎడ్లను, మనుష్యులను చెక్కిన బొమ్మలను గూర్చి ఎఫ్. ఫాసెట్ అను ఆంగ్లేయుడు 1892లో వ్రాసెను. ఆ బండలలో కొన్ని రాతితో తట్టినచో గంటవలె మ్రోగును. మ్రోతకై తట్టిన చోట్ల చిన్న పల్లములు పడియున్నవని నికోల్ బోయివిన్ అను పురాతత్త్వ విదుషి 2004లో ప్రకటించిన వ్యాసములో వివరించెను. వేల ఏండ్లనాటి మనుష్యులు ఆ బండలను మ్రోగించి ఎవరిని పిలిచిరో, ఏ వేడుకకు పిలిచిరో ఎవరు చెప్పగలరు? కాని పిలిచిరనుట నిశ్చయము.

పాత స్టేషనులలో గంటకు బదులు ఒక జానెడు బారెడు పట్టాముక్కను ఇనుపతీగెతో వ్రేలాడదీసి, ఇనుపకడ్డీతో మ్రోగించెడివారు. వెనుకటి స్టేషను నుండి బండి బయలుదేరినదని ఆ మ్రోతయే ఊరికి తెలిపెడిది. మా పాయింట్స్‌మన్ ఒకసారి మాతో హిరేగుడ్డకు వచ్చి, ఆ నల్లబండను మెల్లగా వ్రేళ్ళతో తట్టి, చెవి యొగ్గి విని, ‘‘వీళ్ళకూ బండి వచ్చేది కాబోలు’’ అనెను. మేము నవ్వితిమి. నేడు తలచుకొనిన నవ్వు రాదు. రాయి యైనను, ఇనుమైనను, తట్టిన చేయి కోరినది ఒక్కటే. దూరముననున్న మనుష్యులు ఒకచోటికి రావలెనని.

ఆ పట్టాముక్కలు నేడు చాలచోట్ల లేవు. ఆవిరి ఇంజనులు పోయినవి. చిత్తరంజన్ కర్మాగారము 1972లోనే చివరి ఆవిరి ఇంజనును, అదియు సన్నపట్టాల వై.జి.ని, తయారుచేసి ముగించెను. 1990ల దశకములో గుంతకల్లు–హుబ్బళ్ళి సన్నపట్టాలు తొలగిపోయినవి. నూరేండ్లకు పైగా వెనుక సన్ననైన బళ్ళారి దారి మరల వెడల్పయ్యెను. హమాలీల వీపు మీది ఒక బరువు తగ్గెను గనుక దానికి మేము సంతోషించితిమి. దారి పొడవునను విద్యుత్తు తీగెలు వచ్చినవి. నేడు హంపి ఎక్స్‌ప్రెస్సు, అమరావతి ఎక్స్‌ప్రెస్సు, ఇనుప ఖనిజపు బండ్లు ఈ దారిన పోవుచున్నవి. కొండలకును ముప్పు వచ్చెను. రాయి కొట్టువారు కప్పగల్లు వైపున కొండలను తొలిచిరి. బొమ్మలున్న బండలు కొన్ని చోట్ల దెబ్బతినెను.

ఇంతకన్న మమ్ము బాధించు నష్టము మా చేతనే జరిగెను. దానిని దాచుట న్యాయము కాదు. పైన చెప్పిన పాయింట్స్‌మన్ ఇరువది ఏండ్లకు పైగా ఒక పొడుగాటి లెక్కల చిట్టాలో తాను చూచిన ప్రతి ఇంజను సంఖ్యను, వచ్చిన వేళను, డ్రైవరు పేరును వ్రాసియుంచిరి. సంఖ్యలు కన్నడ అంకెలలో, విశేషములు తెలుగులో. ‘ఈ దినము వాన. బండి నలుబది నిమిషములు లేటు. పంతులుగారికి జ్వరము, రాలేదు’ వంటి వాక్యము లెన్నో అందులో నుండెను. వారు కాలము చేసిన పిమ్మట కోడలు మాకు కబురంపి, ‘‘మామగారి పుస్తకం మీరు పెట్టుకుంటారా?’’ అని అడిగెను. దసరా పండుగ వెళ్ళిన తరువాత వత్తుమంటిమి. పండుగ వెళ్ళెను, పెండ్లిండ్లు వచ్చెను, మేము పోలేదు. మూడు నెలలకు పోయినపుడు, ఇల్లు సున్నము వేయించుటకై సామాను దింపి, పాత కాగితములతోపాటు చిట్టాను కూడ అమ్మివేసితిమని ఆమె నొచ్చుకొనుచు చెప్పెను. ఆ తప్పు ఆమెది కాదు. ఆమె అడిగెను, మేము పోలేదు. రెండు భాషలవారు కలిసి చూచిన ఇరువది ఏండ్ల కాలము, రెండు లిపులలో ఒకే చేత వ్రాయబడినది, తూకమునకు పోయెను.

అందుచేతనే ఈ సంచికలో మేము ఈ వ్యాసము వ్రాసితిమి. రైల్వేవారు తమ వస్తువులను భద్రపరచుచున్నారు. ఢిల్లీలో 1977లో జాతీయ రైలు ప్రదర్శనశాల వెలసెను. హుబ్బళ్ళిలో 2020లో ఒక ప్రదర్శనశాల తెరచిరి. బళ్ళారిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరిట సంగనకల్లు పురావస్తు ప్రదర్శనశాల కలదు. మన పిల్లలను ఈ రెండింటికిని తీసికొనిపోవలెను. కాని ఇంజనును దాచిన చోట చూచినవాని మాట దాగదు. అది మన యిండ్లలో, అటుకల మీది పెట్టెలలో, ఎనుబది ఏండ్ల వృద్ధుల జ్ఞాపకములలో మాత్రమే ఉన్నది. మీ యింట రైల్వేలో పనిచేసిన తాతగాని మామగాని యున్నచో ఈ పండుగకే వారి ప్రక్కన కూర్చుండి అడుగుడు. పాత టికెట్టు ముక్క, టైముటేబిలు పుస్తకము, గార్డు ఊదిన ఈల, ఏది యున్నను పారవేయక మన సంఘమునకు తెలుపుడు. ఇరుగుపొరుగు కన్నడ కుటుంబములను కూడ అడుగుడు. ఈ కథలో సగము వారి వద్దనే యున్నది.

మొన్న సంక్రాంతికి మేము ముగ్గురము సంగనకల్లు కొండ ఎక్కితిమి. అచ్చట నలుగురు కుఱ్ఱవాండ్రు చేతిలో సెల్‌ఫోనులు పట్టుకొని హగరి వైపు చూచుచుండిరి. ఇద్దరు కన్నడములో, ఇద్దరు తెలుగులో మాటలాడుకొనుచుండిరి. మేము దగ్గరకు పోయి, ‘‘ఏమి నాయనా, ఎవరికోసం?’’ అని అడిగితిమి. ‘‘అమరావతి ఇంకా రాలేదు తాతా. ఈ పొద్దు ఏ ఇంజనో చూడాల’’ అని వారిలో నొకడు చెప్పి, చేతిలోని సెనగకాయల పొట్లమును మా వైపు చాచెను. మేము తలకు నాలుగు పుచ్చుకొని వారి ప్రక్కన కూర్చుంటిమి.